విషానికి బదిలీ ఉత్తర్వులు
(మూసీ పరీవాహకంలో పారిశ్రామిక వ్యర్థాల చరిత్ర)

మనం ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక కాగితం మన బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి పోతే రిజిస్టరులో ‘పంపడమైనది’ అని రాసేవాళ్ళం. ‘పరిష్కరించడమైనది’ అని రాస్తే సూపరింటెండెంటు ఊరుకునేవాడు కాదు. ఈ రెండింటి తేడా తెలియని గుమాస్తా ఉండడు. కాని మూసీ చరిత్ర చూస్తే, పారిశ్రామిక వ్యర్థాల విషయంలో గత యాభై ఏళ్ళుగా పంపడాన్నే పరిష్కారంగా లెక్క చూపుతూ వచ్చారనిపిస్తుంది. చివరికి పంపించింది ఎక్కడికయ్యా అంటే, మన నల్లగొండ వైపుకే. అందుకే మన సంఘం ప్రత్యేక సంచికలో ఈ నాలుగు మాటలు.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి దామరచర్ల దగ్గర వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నది మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. వరద భయం తీరింది. నగరానికి తాగునీరు వచ్చింది. అయితే అప్పటి నుంచి మంచినీరు పైనే ఆగిపోయి, వానాకాలం పోగా మిగతా రోజుల్లో దిగువకు వచ్చేది ఎక్కువగా నగరం వాడి వదిలిన నీరే అయింది.

ఆ నీటినే మన రైతులు కళ్ళకద్దుకుని వాడుకున్నారు. పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాల్వలు, నెమలికాల్వ వద్ద కత్వ నుంచి వచ్చే ఆసిఫ్ నహర్, 1963లో పూర్తయిన సోలిపేట మూసీ ప్రాజెక్టు, అన్నిటికీ ఆధారం ఈ నదే. మన జిల్లాలో బోరు వేస్తే ఫ్లోరైడు. ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని దేశమంతటా పేరు పడిందంటే మన దురదృష్టం ఎంతటిదో చెప్పనక్కరలేదు. అటువంటి చోట ఏడాది పొడుగునా పారే నదిని ఎవరు వద్దంటారు?

మనుషుల మురుగు ఒక ఎత్తు, రసాయనాల మురుగు మరొక ఎత్తు. మొదటిది ఎండకు, గాలికి, నేలలోని సూక్ష్మజీవులకు చాలావరకు లొంగుతుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000 తర్వాత మూసీ వెంట పరీక్షలు జరిపి, కత్వలు దాటుతూ కిందికి వచ్చిన కొద్దీ ఈ రకం మురుగు తగ్గుతున్నదని చూపారు. రసాయన లవణాలు, సీసం, కాడ్మియం వంటి లోహాలు అలా మాయం కావు. నీరు తేటబడితే అవి అడుగున బురదలోనో, చేను మట్టిలోనో చేరతాయి.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ పని నేర్చిన వాళ్ళతో జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి ప్రాంతాల్లో ముడి మందుల ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. దేశానికి చవకగా మందులు అందాయి. వేలమందికి ఉపాధి దొరికింది. అది కాదనలేని మేలు. కాని ముడి మందు ఒక కిలో తయారైతే దాని వెంట అంతకు ఎన్నో రెట్లు ద్రావకాలు, లవణాలు, బురద మిగులుతాయి.

ఇక చట్టాల సంగతి. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో, ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 1989లో వచ్చాయి. అయితే ఆ వ్యర్థాలను భద్రంగా పూడ్చే స్థలం మన రాష్ట్రంలో దుండిగల్ వద్ద మొదలైంది 2001లో. నిబంధనకూ స్థలానికీ మధ్య పన్నెండేళ్ళు. ఫ్యాక్టరీలు మాత్రం ఆ పన్నెండేళ్ళూ నడిచాయి. బురద ప్రహరీల వెనుక, పాత గుంతల్లో, కుంటల శిఖం భూముల్లో, వాగుల ఒడ్డున చేరింది. రాత్రిపూట ట్యాంకర్లు నాలాల్లో పారబోస్తుంటే జనం పట్టుకున్న వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు?

మొదట బలైంది పాత మెదక్ జిల్లా. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీరు నక్కవాగులో పడి మంజీరకు, అక్కడి నుంచి గోదావరికి పోయేది. వాగు కింద పంటలు పోయాయి, బావులు రంగు మారాయి. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు వంటి వారు రైతుల పక్షాన నిలబడ్డారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. బాధిత గ్రామాలకు తాగునీరు, రైతులకు పరిహారం ఇవ్వాలని ఉత్తర్వులు వచ్చాయి. కేసు కూడా ఒకచోట నిలవలేదు. హైకోర్టుకు, అక్కడి నుంచి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. తీర్పు వచ్చేసరికి 2017. అప్పటికి ఇరవై ఏడేళ్ళు.

ఈలోగా 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. అది శుద్ధి చేసిన నీరు సైతం వాగుకు భారమేనని తేలాక, 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీటిని హైదరాబాదు మురుగు కాల్వల్లో కలిపి అంబర్‌పేట కేంద్రానికి చేర్చారు. అంబర్‌పేటది నగరపు మురుగు కోసం కట్టిన కేంద్రం. అందులో రసాయనం పలుచబడుతుంది గాని నశించదు. ఆ తర్వాత చేరేది మూసీలోకే. గోదావరి వైపు పోవలసిన విషం ఈ విధంగా కృష్ణ వైపుకు మళ్ళింది. మెదక్ రైతుకు కొంత ఊపిరి దక్కినందుకు మనం సంతోషించవలసిందే. కాని నల్లగొండ రైతును మాట మాత్రమైనా అడిగినవారున్నారా?

ఆ నీటిలో ఏముందో 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ప్రకటించారు. పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వచ్చే శుద్ధి చేసిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఇలాంటి నీటిలో సూక్ష్మజీవులు మందుకు అలవాటుపడి లొంగకుండా పోతాయి. అంటే రేపు మన మనుమడికి జ్వరం వస్తే మాత్ర పనిచేయకపోవచ్చు.

మరి అసలైన పరిష్కారం ఎలా ఉంటుంది? దుండిగల్ వంటి చోట గుంతకు అడుగున బంకమట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పొర వేస్తారు. ఊరే ద్రవాన్ని పైపులతో తోడి శుద్ధి చేస్తారు. బురదను సున్నం, సిమెంటుతో గట్టిపరచి పూడుస్తారు. నిండాక పైన కప్పు వేసి, చుట్టూ బావుల నీటిని కనీసం 30 ఏళ్ళు పరీక్షించాలి. లారీ వెంట మానిఫెస్టు అనే చలాన్ ఉండాలి. 2016 నిబంధనల ప్రకారం దానికి ఏడు రంగుల్లో ఏడు ప్రతులు. పంపినవారు, తెచ్చినవారు, తీసుకున్నవారు, మండలి, అందరి దగ్గరా నకలు ఉంటుంది. మన ఇన్‌వార్డు, అవుట్‌వార్డు రిజిస్టర్ల వంటిదే. ఎంత బయలుదేరింది, ఎంత చేరింది అని సరిచూసే గుమాస్తా ఉంటేనే ఆ ప్రతులకు విలువ.

అమెరికాలో నయాగరా జలపాతం ఉన్న ఊళ్ళో లవ్ కెనాల్ అనే పాత కాల్వ గుంత ఉంది. ఒక రసాయన కంపెనీ అందులో 1942 నుంచి సుమారు 21 వేల టన్నుల వ్యర్థాలు పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు పాఠశాల బోర్డుకు అమ్మింది. బడి కట్టారు, ఇళ్ళు లేచాయి. 1978లో విషం నేలమాళిగల్లోకి ఊరుతుంటే జనాన్ని ఖాళీ చేయించారు. 1980లో ఇటువంటి స్థలాల శుద్ధికి ప్రత్యేక చట్టమే వచ్చింది. అక్కడ పాత వ్యర్థాన్ని తవ్వి మరో ఊరికి పంపలేదు. మీద కప్పు వేసి, చుట్టూ కాల్వలు తవ్వి, ఊరే నీటిని ఈనాటికీ శుద్ధి చేస్తూ, పరీక్షిస్తూ ఉన్నారు. మన దేశంలో భోపాల్ విషాదం జరిగిన నలభై ఏళ్ళకు, 2025 జనవరిలో, 337 టన్నుల వ్యర్థాలను పీతంపూర్‌కు తరలించి అదే ఏడాది కాల్చారు. పీతంపూర్ జనం మాకెందుకీ పీడ అని రోడ్డెక్కారు. భోపాల్‌లో చెడిన నేల మాత్రం అక్కడే ఉంది.

ఇప్పుడు మన ముందున్న సంగతి. 2021లో హైదరాబాదుకు 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం నుంచి మూసీ వెంట పాదయాత్ర చేశారు. నది బాగుపడుతుందంటే మనకంటే సంతోషించేవారెవరు? కాని కత్వల వెనుక మేట వేసిన బురద కూడా ఒక పూడ్చిన చెత్తకుప్ప వంటిదే. దాన్ని పరీక్షించకుండా తవ్వి, ఏ రైతు పొలంలోనో, ఏ ఎండిన చెరువులోనో పోస్తే మళ్ళీ బదిలీ జరిగినట్లే. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు బయటికి పంపాలన్న విధానమూ ఉంది. బయట అంటే చౌటుప్పల్, భువనగిరి, కొత్తూరు, జడ్చర్ల. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలే కదా! పోలేపల్లి వంటి చోట్ల మందుల ఫ్యాక్టరీలు ఇదివరకే వచ్చాయి.

కాబట్టి సభ్యులకు నా మనవి. పహాణీలు రాసినవారు, సర్వే నంబర్లు నోటికి వచ్చినవారు, ఏ కుంట ఎక్కడ ఉండేదో, ఏ గుంత ఎప్పుడు పూడిందో తెలిసినవారు మనలో ఎందరో ఉన్నారు. మండలాల వారీగా ఆ వివరాలు రాసి కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి అందజేద్దాం. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అయిన పరిశ్రమలకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. దాన్ని చదివి, వ్యర్థం ఎంత, ఎక్కడికి పోతుంది, చేరినట్టు రుజువేది అని సభలో అడుగుదాం. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. కాగితం వెంటపడడం మనకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటు ఇప్పుడు మన ఊళ్ళకు అక్కరకు రావాలి.