అక్షరాభ్యాసం: షోడశ సంస్కారాలలో లేని సంస్కారం



అక్షరాభ్యాసం ఏ గృహ్యసూత్రంలో విధింపబడినది, దానికి మంత్రభాగమేది అని ఆస్తికులైన తల్లిదండ్రులు తరచుగా అడుగుచుందురు. ఏ గృహ్యసూత్రంలోనూ లేదని చెప్పగానే కొందరి ముఖం చిన్నబోవును. ఇంత ముఖ్యమైన సంస్కారానికి వేదమూలం లేదా అని వారి సంశయం. అది సంశయింపదగిన విషయం కాదు, తెలిసికొని సంతోషింపదగిన విషయమని నా అభిప్రాయం. ఈ సంస్కారపు చరిత్రను కొంత వివరంగా చెప్పుకొందాము.

తెలుగునాట వైదిక కుటుంబాలలో అధికభాగం కృష్ణయజుర్వేదులు, ఆపస్తంబ సూత్రులు. ఆపస్తంబ మహర్షి శిశువు ఎదుగుదలను ఒక్కొక్క మెట్టుగా చెప్పినాడు. పుట్టగానే జాతకర్మ, పదవ దినమున నామకరణం. ఆరవ మాసమున పెరుగు, తేనె, నేయి, అన్నం కలిపి తినిపించుట. మూడవ సంవత్సరమున పునర్వసు నక్షత్రంలో చౌలం. బ్రాహ్మణ వటువునకు గర్భాష్టమంలో ఉపనయనం. ఈ మధ్యలో ఒక చిన్న విధి ఉన్నది. దీనిని నేడు చేయువారు అరుదు. తండ్రి ప్రయాణం నుండి ఇంటికి తిరిగివచ్చినప్పుడు కుమారుని అభిమంత్రించి, శిరస్సును ఆఘ్రాణించి, కుడిచెవిలో మంత్రములు జపించవలెను. కుమార్తె అయినచో వేరొక యజుస్సుతో అభిమంత్రించవలెను. ఊరినుండి వచ్చిన తండ్రి కాళ్లు కడుగుకొని బిడ్డను దగ్గరకు తీసికొనుట ఏ ఇంటనైనా జరిగేదే. మహర్షి దానికి కూడ మంత్రమిచ్చినాడు. అంత సూక్ష్మంగా కుటుంబ జీవనాన్ని గమనించిన సూత్రకారుడు బిడ్డ చేత అక్షరం దిద్దించుటను గురించి ఒక్క మాట చెప్పలేదు.

తరువాతి పట్టికలలో కూడ దానికి చోటు లేదు. గౌతమ ధర్మసూత్రం నలభై సంస్కారాలను లెక్కించినది, వానిలో అక్షరాభ్యాసం లేదు. నేడు మనం షోడశ సంస్కారాలని చెప్పుకొను లెక్కకు ప్రసిద్ధమైన ఆధారం వ్యాస స్మృతి. అందులో కర్ణవేధ ఉన్నది, వేదారంభం ఉన్నది, కేశాంతం ఉన్నది, అక్షరాభ్యాసం మాత్రం లేదు. ఆధునిక పుస్తకాలు కొన్ని దానిని పదహారింటిలో ఇరికించుటకు మరొకదానిని తొలగించుచున్నవి. ఆ శ్రమ అనవసరం.

కారణం ఊహించుట కష్టం కాదు. వేదం శ్రుతి. అది గురుముఖం నుండి చెవిలో పడవలెను, నాలుకపై నిలువవలెను. ఉపనయనం అట్టి విద్యకు ద్వారం. అక్కడ వ్రాతతో పనిలేదు. వ్రాత ఎరుగని సమాజం గనుక చెప్పలేదనుట కూడ సరికాదు. పాణిని లిపికారుని ఎరుగును. అశోకుని శాసనాలు మన కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలపై క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలోనే చెక్కబడినవి. అక్కడ ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు నడచుచుండుట లిపిశాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా చెప్పుకొను విశేషం. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు కరండాలపై వ్రాత కూడ అతి ప్రాచీనం. అనగా వ్రాత ఉన్నది, వ్రాయువారు ఉన్నారు. అయితే అది వ్యవహారానికి, రాజ్యానికి, లెక్కకు సంబంధించిన విద్య. నడక నేర్చుటకు మంత్రమెట్లు అక్కరలేదో, వ్రాత నేర్చుటకు కూడ అట్లే మంత్రం అక్కరలేదని ఆనాటివారు తలచినట్లున్నది.

తరువాత ఈ విద్య శాస్త్రకారుల దృష్టికి వచ్చినది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజకుమారుడు చౌలం అయిన పిదప లిపిని, సంఖ్యను నేర్వవలెనని, ఉపనయనం అయిన పిదప త్రయిని, ఆన్వీక్షికిని నేర్వవలెనని విభజించినాడు. కాళిదాసు రఘువంశం తృతీయ సర్గలో రఘువు చౌలానంతరం మంత్రిపుత్రులతో కలసి లిపిని గ్రహించి, నదీముఖం గుండా సముద్రంలో ప్రవేశించినట్లు దాని ద్వారా వాఙ్మయంలో ప్రవేశించెనని వర్ణించినాడు. భవభూతి ఉత్తరరామచరితంలో వాల్మీకి కుశలవులకు చౌలం చేసి, వేదత్రయం తప్ప తక్కిన విద్యలు ముందుగా నేర్పి, పదకొండవ ఏట ఉపనయనం చేసి వేదం చెప్పెనని ఆత్రేయి పలుకును. మువ్వురిదీ ఒకే క్రమం: చౌలం, అక్షరం, ఉపనయనం. బౌద్ధుల లలితవిస్తరంలో కూడ బాలుడైన సిద్ధార్థుని లిపిశాలకు తీసికొనిపోవు ఘట్టమున్నది. అక్కడ అతడు అరవైనాలుగు లిపుల పేర్లు చెప్పి, వీనిలో దేనిని నేర్పెదరని ఆచార్యునే అడుగును.

ఇంతవరకు అక్షరం నేర్చుట ఉన్నది గాని, దానికి పూజావిధి స్పష్టంగా లేదు. ఆ విధి నిబంధ గ్రంథాలలో కనిపించును. యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య రచించిన అపరార్కుడు 12వ శతాబ్దివాడు, కొంకణ ప్రాంతపు శిలాహార రాజు. ఆయన, ఆయన తరువాత దాక్షిణాత్యుడైన స్మృతిచంద్రికాకారుడు, మార్కండేయ పురాణ వచనాలుగా కొన్నిటిని ఉదాహరించినారు. వాని సారమిది. బిడ్డకు ఐదవ సంవత్సరమున విద్యారంభం చేయవలెను. హరిని, లక్ష్మిని, సరస్వతిని, స్వశాఖా సూత్రకారులను, కులవిద్యను పూజించి హోమం చేయవలెను. గురువు తూర్పుముఖంగాను, బాలుడు పడమటిముఖంగాను కూర్చుండవలెను. అక్కడి నుండి అనధ్యాయ దినాలలో తప్ప పాఠం జరుగవలెను.

ఈ వచనాలలో కాలనియమం కూడ ఒకటి కలదు. కార్తిక శుద్ధ ద్వాదశి మొదలు ఆషాఢ శుద్ధ ఏకాదశి వరకు, అనగా శ్రీహరి మేలుకొనియున్న కాలంలో చేయవలెను. మన తెలుగువారు పాటించు మాఘ శుద్ధ పంచమి, అనగా వసంత పంచమి, ఇందులో చక్కగా ఇమిడిపోవును. ఆనాడు గోదావరీ తీరాన బాసర క్షేత్రంలో జ్ఞానసరస్వతీ సన్నిధికి తల్లిదండ్రులు పలకలు చేతబట్టుకొని వేలాదిగా వత్తురు. అయితే కేరళీయులకు, ద్రావిడులకు ప్రధానమైన విజయదశమి ఈ నియమానికి పూర్తిగా వెలుపల ఉన్నది. శరన్నవరాత్రులలో మూలా నక్షత్రం నాడు మన ఆలయాలలో జరుగు అక్షరాభ్యాసాలు కూడ అంతే. అవి అశాస్త్రీయమని ఎవరైన అన్నచో నేను ఒప్పుకొనను. ఈ సంస్కారం పుట్టినదే ఆచారం నుండి, పెరిగినదీ ఆచారంలోనే. ఇక్కడ దేశాచారమే బలవత్తరం.

బిడ్డచేత మనం దిద్దించు మొదటి పంక్తి కూడ ఈ మాటకే సాక్ష్యం. ఓం నమఃశివాయ సిద్ధం నమః అని బియ్యంలో వ్రాయింతుము. ఓనమాలు అను మాట ఇందులోని మొదటి అక్షరాల నుండియే వచ్చినది. సిద్ధం అను పదం జైనుల సిద్ధపరమేష్ఠిని ఉద్దేశించినదని, శైవులు దాని ముందు పంచాక్షరిని చేర్చినారని కొందరు పండితుల వాదం. కావచ్చును. అయితే నమఃశబ్ద యోగంలో చతుర్థి రావలెను గదా, సిద్ధం అని ఎట్లు వచ్చినదని వ్యాకరణం చదివినవారికి తోచును. సిద్ధం అనునది విడిగా ఒక మంగళపదం. సిద్ధించుగాక అని తాత్పర్యం. నాసిక్ గుహలలోని సాతవాహన శాసనాలు, నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలు ఈ పదంతోనే ఆరంభమగును. 7వ శతాబ్దిలో మన దేశానికి వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగ్, పిల్లలు ఆరవ ఏట మొదట చదువు అక్షరపాఠానికి సిద్ధమనియే పేరు వ్రాసినాడు. నేటికిని జపాను దేశపు బౌద్ధాలయాలలో బీజాక్షరాలు వ్రాయు భారతీయ లిపికి సిద్ధమనియే వ్యవహారం. ఇంత విస్తారమైన పదాన్ని ఒక మతానికే కట్టివేయుట ఎందులకు?

ఇక నాకు అత్యంత విలువైనదిగా తోచిన సాక్ష్యం శాస్త్రగ్రంథం కాదు, దొరల దఫ్తరం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలోను బడుల వివరం కోరినాడు. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు కూడ చేరియుండెను. 533 బడులలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు.

ఆయన అక్షరాభ్యాసాన్ని వర్ణించిన తీరు చూడుడు. బిడ్డకు సాధారణంగా ఐదవ ఏట చదువు ఆరంభింతురు. తల్లిదండ్రులు బడిపంతులును, బడిపిల్లలను అందరిని ఇంటికి పిలుతురు. మధ్య వినాయక ప్రతిమ, చుట్టును పిల్లలు, ఎదురుగా క్రొత్త విద్యార్థి. పంతులు ధూపం వేసి, బిడ్డచేత వినాయక ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకొని బియ్యంలో దైవనామం వ్రాయించును. ఇంటివారు తమ శక్తికొలది సంభావన ఇత్తురు. ఇది దాదాపు మన నేటి విధియే. హరిలక్ష్ముల స్థానంలో విఘ్నేశ్వరుడు వచ్చినాడు, హోమం పోయి బియ్యపు పళ్లెం వచ్చినది. ఎక్కడా పురోహితుడు లేడు! చేయించినవాడు పంతులు.

ఎవరికి చేయించినాడు? ఆ నివేదికలోనే లెక్క ఉన్నది. బడిపిల్లలు మొత్తం 6,641. వీరిలో మహమ్మదీయులు 243. హిందూ బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174. అనగా హిందూ బాలురలో మూడింట రెండు వంతులు ఉపనయనం లేని కుటుంబాల బిడ్డలు. వేదద్వారం వారికి తెరువబడలేదు, ఓనమాల ద్వారం తెరువబడియుండెను. గృహ్యసూత్రాలలో చేరనందువలననే ఈ సంస్కారం వీధిబడిదాకా రాగలిగినదని నేను తలచుచున్నాను. సూత్రకారుడు వ్రాసియున్నచో దానితోపాటు అధికార నియమాలు కూడ వచ్చియుండెడివి.

అయితే ఆ లెక్కలో మరొక అంకె ఉన్నది. బాలికలు 60 మంది. ద్వారం తెరచియున్నను, ఆడబిడ్డను ఎవరూ దానిదాకా నడిపించలేదు. దీనిని కప్పిపుచ్చుట ధర్మం కాదు. ప్రయాణం నుండి వచ్చి కుమార్తెను కూడ యజుస్సుతో పలుకరింపుమని విధించిన ఋషి సంప్రదాయంలో, ఆమెకు బియ్యపు పళ్లెం ఎవరు నిరాకరించినట్లు? శాస్త్రం కాదు, మన అశ్రద్ధ. ఆడపిల్లకు ఏ మంత్రంతో చేయించవలెనని నేటికిని కొందరు పెద్దలు నన్ను సంకోచంతో అడుగుదురు. ఇది వేదారంభం కాదు, ఉపనయనాధికార చర్చ ఇక్కడికి రాదు. అన్నకు చెప్పిన ప్రార్థనయే చెల్లెలికిని.

వయస్సును గురించి కూడ ఒక మాట. పాఠశాలలో చేర్పించు గడువు దాటిపోవునని రెండేండ్లు నిండి నిండని శిశువులను ఎత్తుకొని వచ్చుచున్నారు. నిద్రమత్తులో ఏడ్చు బిడ్డ వ్రేళ్లను మువ్వురు పట్టుకొని బియ్యంలో రాయుదురు, ఫొటో తీయువాడు ఇటు చూడుమనును. కౌటిల్యుని మాట ననుసరించి చౌలానంతరం, అనగా మూడు నిండిన తరువాత, చేయుటకు ఆధారమున్నది. ఐదవ ఏడు ఉత్తమం. అంతకు ముందు చేయుటకు ఏ గ్రంథంలోను నాకు ఆధారం కనబడలేదు. బలపం తానై పట్టుకొనగలిగిన చేయి ఉన్నప్పుడే దానికి అభ్యాసమను పేరు సార్థకం.

బళ్లారి నివేదికలో ముహూర్తం మరునాటి సంగతి కూడ ఉన్నది. క్రతువు ముగిసిన మరునాటి ఉదయమే ఆ బిడ్డ బడిలో ఉండవలెను, నేలపై ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దవలెను. ఉదయం ఆరు గంటలకే బడి ఆరంభం. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాయును. రెండవవాని చేతిలో సున్న, వానికి మెప్పునూ లేదు, నిందయునూ లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. తెలుగు వీధిబడులలో దీనినే శ్రీ, చుక్క అని పిలిచెడివారు.