రాస్ పిచ్చుకల జ్వరం హవాయి అడవిలో ఏం చేసింది

మలేరియా దోమ గురించి మన సికింద్రాబాదులోనే కనిపెట్టారని స్కూల్లో అందరం చదువుకున్నాం. 1897 ఆగస్టు 20. బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు ఒక దోమ పొట్ట కోసి, దాని గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకు రక్తం ఇచ్చిన జ్వరం రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టించుకున్న దోమకు అణా చొప్పున ఇచ్చారు. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తర్వాతి సగం పిట్టల కథ. దాన్ని మన పాఠాల్లో సరిగ్గా చెప్పరు.

రాస్ కి వెంటనే బదిలీ అయింది. తర్వాత 1898లో కలకత్తాకి పంపారు. అక్కడ ప్లేగు భయం, టీకాల భయం. సూది అంటే జనం ఆమడ దూరం పరిగెత్తే రోజులు. మనుషులు దొరక్క రాస్ పిట్టల మీద పడ్డాడు. పిచ్చుకలకీ మలేరియా ఉంది, వేరే రకం. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు పిట్టల్నీ దోమల్నీ పట్టి తెచ్చేవాడు. జబ్బు పిచ్చుకను కుట్టిన దోమ పొట్టలోంచి ఆ క్రిమి ఎటు పోతుందో రాస్ రోజురోజూ చూస్తూ పోయి, జూలైలో దాన్ని దోమ లాలాజల గ్రంథిలో పట్టుకున్నాడు. అంటే కాటుతోనే జబ్బు ఎక్కుతుందన్నమాట. ఆ దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల్ని కుట్టించి రుజువు కూడా చేశాడు. 1902లో నోబెల్ వచ్చింది.

ఆ పిట్టల మలేరియా క్రిమిని ఇప్పుడు ప్లాస్మోడియం రెలిక్టమ్ అంటున్నారు. ఆ దోమ మీకు బాగా తెలిసిందే, మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్. మనకి బోదకాలు అంటించేది కూడా అదే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మన పిచ్చుకలు ఆ క్రిమిని ఒంట్లో మోస్తూనే తిరుగుతాయి, గింజలు ఏరుకుంటాయి, పిల్లల్ని లేపుతాయి. కొన్ని చస్తాయి, ఎక్కువ భాగం తట్టుకుంటాయి. క్రిమికీ పిట్టకీ వేల తరాల పరిచయం. పరాన్నజీవి అంటే ఎప్పుడూ చంపేదే అనుకోవద్దు. ఆశ్రయమిచ్చిన పిట్ట తొందరగా చచ్చిపోతే దోమ కుట్టే అవకాశం తగ్గి, దానికే నష్టం. కానీ ఈ లెక్కంతా పాత పరిచయం ఉన్న చోటే.

పరిచయం లేని చోట ఏమవుతుందో చూడాలంటే హవాయి చూడాలి. పసిఫిక్ సముద్రం మధ్యలో, దగ్గరి ఖండానికి దాదాపు 3,800 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవులు. లక్షల ఏళ్ళ కింద ఎగిరొచ్చిన ఒకే జాతి పిట్ట నుంచి అక్కడ 50కి పైగా జాతులు పుట్టాయి. పువ్వులో తేనె తాగడానికి వంకర ముక్కుది ఒకటి, బెరడు పెకలించేది ఒకటి, గింజ పగలగొట్టేది ఒకటి. ఆ దీవుల్లో దోమే లేదు. ఒక్క రకం కూడా లేదు.

1826లో మెక్సికో నుంచి వెల్లింగ్టన్ అనే ఓడ మావి దీవిలోని లహైనా రేవుకి వచ్చింది. నావికులు పీపాల్లో అడుగున మిగిలిన నీళ్ళు ఒక వాగులో పారబోశారు. అందులో దోమ పిల్లలున్నాయి. చెవి దగ్గర పాట పాడే కొత్త ఈగ వచ్చిందని ఊరివాళ్ళు అక్కడి మిషనరీతో చెప్పుకున్నారట. అదే మన క్యూలెక్స్.

దోమ ఒక్కటే అయితే దురదతో పోయేది. క్రిమి కూడా రావాలిగా. దాన్ని మోసుకొచ్చింది బయటి పిట్టలు. 1865లో లద్దె పురుగు తింటుందని మన దేశం నుంచి గోరింకల్ని హవాయి తీసుకెళ్ళారు. పురుగుల మాటేమో గానీ, అది లాంటానా పండ్లు తిని ఆ కంపని కొండలంతా చల్లింది. పంట కోసం తెచ్చింది కంపకి పనికొచ్చిందన్నమాట. మనమూ ఇలాంటివి చూస్తూనే ఉన్నాం. తర్వాత ఊళ్ళ దగ్గర స్థానిక పిట్టలు కనపడటం మానేశాక, పాట కోసం దేశదేశాల పిట్టల్ని తెచ్చి వదిలారు. దానికోసం 1930లో ఒక సంఘమే పెట్టారు. అలా వచ్చిన వాటిలో ఏదో ఒకదాని రక్తంలో ఈ క్రిమి దిగింది. పిట్టల మసూచి అంతకుముందే వచ్చి ఉంది.

పల్లపు అడవులు ముందు ఖాళీ అయ్యాయి. కారణం గట్టిగా చెప్పింది రిచర్డ్ వార్నర్, 1968లో. దోమలు లేని దీవి నుంచి పిట్టల్ని పల్లానికి తెచ్చి బోనుల్లో పెట్టాడు. దోమతెర ఉన్న బోను పిట్టలు బతికాయి, లేనివి చచ్చాయి. తర్వాతి పరీక్షల్లో ఈఈవి అనే ఎర్రపిట్టకి జబ్బు దోమ ఒక్క కాటు చాలని తేలింది. పదింటిలో తొమ్మిది చచ్చాయి.

మిగిలినవి కొండెక్కి బతికాయి. 13 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే దోమ ఒంట్లో ఆ క్రిమి ఎదగదు. అందుకే సుమారు 5,000 అడుగుల పైన వాటికి రక్షణ దొరికింది. కానీ అక్కడికీ దోమ చేరడానికి అడవి పందులు సాయం చేశాయి. మన చేలల్లో అవి చేసే నాశనం మీకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ చెట్టంత ఎదిగే ఫెర్న్ మొక్కల్ని పడగొట్టి, లోపలి పిండి తిని, బోదెని తొట్టిలా తొలిచేస్తాయి. వానకి ఆ తొట్టి నిండుతుంది. అందులో దోమ గుడ్లు పెడుతుంది.

పైగా ఎండలు పెరిగే కొద్దీ ఆ చల్లని గీత పైకి జరుగుతోంది. కవాయి దీవిలో శిఖరమే 5,243 అడుగులు. ఇక ఎక్కడానికి కొండ లేదు. అక్కడి ఓఓ పిట్ట కూత చివరిసారి విన్నది 1987లో. 2023లో అది అంతరించినట్టు అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అకికికి అనే చిన్న బూడిదరంగు పిట్ట 2023 నాటికి అడవిలో అయిదే మిగిలాయి. 50 జాతుల కుటుంబంలో ఇప్పుడున్నవి 17.

అన్నీ ఓడిపోలేదు లెండి. అమాకిహి అనే పిట్ట పెద్ద దీవిలో మళ్ళీ పల్లానికి దిగి, రక్తంలో క్రిమి పెట్టుకునే పిల్లల్ని లేపుతోంది. మన పిచ్చుక దారి పట్టిందన్నమాట. వేగంగా పిల్లలు పెట్టి, ఎక్కువ సంఖ్యలో ఉన్న జాతికి అది సాధ్యం. అయిదు మిగిలిన జాతికి ఆ టైమేదీ?

అందుకే 2023 చివర్లో మావిలో హెలికాప్టర్ల నుంచి మగ దోమల్ని వదలడం మొదలుపెట్టారు. మగది కుట్టదు. వోల్బాకియా అనే బాక్టీరియాలో వేరే రకం ఎక్కించిన మగదోమతో కలిసిన అడవి ఆడదోమ గుడ్లు పొదగవు. మందు కొట్టే పని లేదు. వారం వారం వదులుతూనే ఉండాలి, ఖర్చు మాత్రం తక్కువేం కాదు.

అకికికి గుడ్లని 2015 నుంచే అడవిలో ఎత్తైన చెట్లకు నిచ్చెనలు వేసి దించి, కేంద్రాల్లో పొదిగించి పెంచుతున్నారు. అలాంటి ఒక కేంద్రం మావి కొండ మీద ఉంది. 2023 ఆగస్టు 8న కార్చిచ్చు దాని కంచె దాకా వచ్చింది. సిబ్బందీ, పొరుగాయనా తోట నీళ్ళ గొట్టాలతో కొట్టి ఆర్పారు, పిట్టలు దక్కాయి. అదే రోజు కింద ఇంకో మంటలో లహైనా ఊరు కాలిపోయింది, దోమ మొదట దిగిన ఊరు.