విద్యుత్సంస్కరణలు, ప్రజాసేవ: సిరిసిల్ల సహకార సంఘము – ఒక పరిశీలన

విద్యుద్రంగ సంస్కరణలను గూర్చి చర్చించువారు తరచుగా రాజధానిలోని కార్యాలయములను, లాభనష్టముల పట్టికలను దృష్టియందుంచుకొని తీర్పు చెప్పుదురు. కాని ఆ సంస్కరణల మంచిచెడ్డలు తేలునది లైను కొసనున్న ట్రాన్స్‌ఫార్మరు వద్దనే. పూర్వపు కరీంనగరు జిల్లాలో ఇట్టి పరిశీలనకు అరుదైన అవకాశము కలదు. నేటి జగిత్యాల జిల్లాలోని పెగడపల్లి మండలమునకు ఉత్తర మండల పంపిణీ సంస్థ కరెంటు నిచ్చుచుండగా, సిరిసిల్ల ప్రాంతమున ఆ పనిని వినియోగదారులే సభ్యులుగాగల సహకార సంఘము నిర్వహించుచున్నది. ఉభయత్ర బావులు, బోరుల మీది సేద్యమే. కరెంటు నిచ్చు సంస్థల స్వరూపమే వేరు.

1969లో కేంద్రమున గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినపుడు, అమెరికాలోని గ్రామీణ విద్యుత్సహకార సంఘముల అనుభవమును పురస్కరించుకొని, ప్రయోగాత్మకముగా ఐదు ప్రాంతములను ఎన్నుకొనిరి. కర్ణాటకములోని హుక్కేరి, గుజరాతులోని కొడినార్, మహారాష్ట్రములోని ముళా-ప్రవర, ఉత్తరప్రదేశములోని లక్నోలతోపాటు మన సిరిసిల్లయు వానిలో నొకటి. 1970లో పంపిణీ నారంభించిన ఈ సంఘమును జనులు ‘సెస్’ అని వ్యవహరింతురు. బిల్లు కట్టువాడే వోటువేసి డైరెక్టరును ఎన్నుకొనుట దీని విశేషము. 2022 డిసెంబరులో జరిగిన పాలకవర్గ ఎన్నికలలో రాజకీయ పక్షములు శాసనసభ ఎన్నికలకు తీసిపోని పట్టుదలతో పోరాడినవి.

1998 నాటి సంస్కరణ చట్టమును అనుసరించి, 1999 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్ విద్యున్మండలి ఉత్పాదన, ప్రసార సంస్థలుగా విడిపోయెను. పిదప 2000లో పంపిణీ నాలుగు కంపెనీల పాలయ్యెను. ఆ యేడే చార్జీల పెంపునకు వ్యతిరేకముగా ఉద్యమము చెలరేగి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసు కాల్పులకు ఉద్యమకారులు బలియైరి. 2004 మే నెలలో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చుటకు ఆ చేదు జ్ఞాపకము కూడ కారణమని నా అభిప్రాయము.

ఈ మార్పులలో సెస్ విచిత్రస్థితిలో పడినది. కరెంటును టోకున కొను ధర రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషను నిర్ణయించును; ప్రజలకు అమ్ము ధరయు కమిషనే నిర్ణయించును. పంటపొలములకు ఉచితము, సాంచాలు (మరమగ్గములు) నడుపు ఆసాములకు రాయితీ ప్రభుత్వ నిర్ణయములు. పేరునకు యజమానులైన సభ్యులకు మిగిలినది ఆ రెండు ధరల నడుమ నుండు సన్నని అంతరము మాత్రమే. టోకు ధర కొంచెము పెరిగినను, రాయితీ సొమ్ము ఖజానానుండి ఆలస్యముగా వచ్చినను, తీగ మార్పించుటకును, కాలిన ట్రాన్స్‌ఫార్మరును బాగుచేయించుటకును సంఘము వద్ద డబ్బుండదు.

ఆ ట్రాన్స్‌ఫార్మరు సంగతి కొంత వివరింపవలసియున్నది. కరెంటు గంటలలెక్కన వచ్చిన దినములలో రైతులు రాత్రివేళ బావికడకు పోజాలక మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించిరి. కరెంటు వచ్చిన క్షణముననే మోటార్లన్నియు ఒక్కుమ్మడిగా కదలుటచే భారమునకు ఆగలేక ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెడిది. రైతులు చందాలు వేసికొని దానిని ట్రాక్టరు మీద మరమ్మతు కేంద్రమునకు మోసికొనిపోయెడివారు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా మొదలైనపుడు ఆ స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వమే అభ్యర్థింపవలసివచ్చెను. సేవ యనగా ఇట్టి సూక్ష్మవిషయములను ఎరిగి నడచుకొనుట. అది ఊరికి దగ్గరనున్న సంస్థకు సులభము.

సహకారము లోపరహితమని నేననను. బాకీలు పేరుకొని ముళా-ప్రవర సంఘము 2011లో పంపిణీనే కోల్పోయెను. అయినను 2003 విద్యుచ్చట్టపు 5వ సెక్షను గ్రామీణ పంపిణీని సహకార సంఘములకు అప్పగించుటను సమ్మతించుచున్నది. 13వ సెక్షను వానికి లైసెన్సునుండి మినహాయింపునకు వీలు కల్పించుచున్నది. 65వ సెక్షను రాయితీ సొమ్మును ముందుగనే చెల్లింపుమని ప్రభుత్వమును ఆదేశించుచున్నది. ఈ మూడవదానిని అక్షరశః పాటించినచో సెస్ కష్టములు చాలవరకు తీరును. కావున సంఘమును పంపిణీ కంపెనీలో కలుపు ప్రతిపాదన ఎప్పుడు వచ్చినను, కమిషను సిరిసిల్లకే వచ్చి, సభ్యుల సమక్షమున బహిరంగ విచారణ జరిపి, వారి మాట విన్న పిమ్మటనే నిర్ణయము గైకొనవలెనని కోరుచున్నాను.