1885 లండను: సంఘమునకు ఒక పాఠము

బాలికల అక్రమ రవాణాను సంఘము ఒంటరిగా ఎదుర్కొనగలదా? ఈ ప్రశ్నతో మేము 1885 నాటి ఇంగ్లండు చరిత్రను పరిశీలించాము.

అప్పటి చట్టములో లైంగిక సమ్మతి వయస్సు 13 ఏండ్లే. ఆంగ్లికన్ గురువు భార్య జోసెఫిన్ బట్లర్ ఏండ్ల తరబడి పోరాడుచున్నది. ఆ జూలైలో పత్రికా సంపాదకుడు డబ్ల్యు.టి. స్టెడ్ లండనులో సాగుతున్న ఈ వ్యాపారమును బయటపెట్టాడు. సాల్వేషన్ ఆర్మీ సుమారు 3,93,000 సంతకములను పార్లమెంటుకు చేర్చింది. ఆగస్టులో ఆ వయస్సు 16కు పెరిగింది.

అయితే రుజువు కొరకు స్టెడ్ ఒక పేద బాలికను తండ్రి అనుమతి లేకుండా తెప్పించి, మూడు నెలలు జైలుపాలయ్యాడు. రక్షింపబూనినవారి చేతిలోనే ఆమె సాధనమైనది.

కనుక కాపరులమైన మనము పోలీసులతో, సేవాసంస్థలతో చేతులు కలుపుదము. కాని మొదట ఆ బిడ్డ క్షేమమునే చూచుదము.