గొట్టంలో నెత్తురు

పెనుగంచిప్రోలు. వానాకాలం రాత్రి. మునేటి మీంచి తడిగాలి కొడుతోంది. పాకలో గేదెకు మేత వేయబోయిన రైతు చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. చీలమండ పైన రెండు గాట్లు. టార్చి వేసేసరికి గడ్డి మాత్రమే కదులుతోంది.

ఏ పాము? ఎవరూ చూళ్లేదు.

"మంత్రం వేయిద్దాం" అన్నారెవరో.

"ముందు బండి తియ్యరా!" కొడుకు మీద అరిచింది తల్లి. నడుమ భర్తను కూర్చోబెట్టి, వెనక తను ఒడిసిపట్టుకుని, గుంతల్లో నీళ్లు చిమ్ముకుంటూ, దారంతా తిరుపతమ్మ తల్లికి మొక్కుకుంటూ, జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రి మెట్ల దగ్గర దిగేసరికి పాదం ఉబ్బిపోయింది.

డాక్టరు ముందు కళ్లు చూశాడు. "పైకి చూడు బాబాయ్." నాగుపామో కట్లపామో అయితే రెప్పలు వాలతాయి. వాలలేదు. ఇక రక్తపింజరేనా?

సిస్టరు 2 మిల్లీలీటర్ల నెత్తురు తీసి కొత్త గాజు గొట్టంలో పోసింది. ప్లాస్టిక్‌ది పనికిరాదు. సబ్బుతో కడిగిందీ పనికిరాదు. మంచం పక్కనే స్టాండులో నిలబెట్టింది.

"20 నిమిషాలు. ఎవరూ కదపొద్దు."

ఉమ్మడి కృష్ణా జిల్లా పల్లెలకు పాము భయం కొత్త కాదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరసపెడితే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పయాగమే చేయించారు. రక్తపింజరి విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్ని తినేస్తుంది. విరుగుడు మందు గుర్రాల నెత్తురు నుంచి తీసింది. అక్కర్లేనివాడికి ఎక్కిస్తే ఒక్కోసారి ఒళ్లు తిరగబడి ప్రాణం మీదికొస్తుంది. కావాల్సినవాడికి ఆలస్యమైతే కిడ్నీలు పోతాయి. ఎటు తప్పినా మనిషే పోతాడు. తేల్చాల్సింది ఆ గొట్టమే.

రేకుల మీద వాన. గోడ గడియారం. పదిహేను నిమిషాలు. పదిహేడు.

"నోరు ఉప్పగా ఉందే" అన్నాడతను భార్యతో. ఆమె కొంగుతో పెదవులు తుడిచింది. కొంగు ఎర్రబడింది.

ఇరవై.

డాక్టరు గొట్టం తీసి ఒక్కసారి వంచాడు. నెత్తురు నీళ్లలా జారింది.

"పది వయల్స్! అడ్రినలిన్ పక్కనే ఉంచండి సిస్టర్."

సెలైన్‌లో మందు చుక్కచుక్కగా దిగింది. సిస్టరు బీపీ పట్టీ విప్పలేదు. ఒళ్లు దద్దుర్లెక్కలేదు, ఊపిరి తడబడలేదు. ఆరు గంటలు గడిచాక మళ్లీ కొత్త గొట్టం, మళ్లీ 20 నిమిషాలు. బయట తెల్లారుతోంది. భార్య లేచి నిలబడింది.

డాక్టరు గొట్టం వంచాడు.

ఎర్రటి గడ్డ అడుగున కదలకుండా కూర్చుంది.