పేరు తోపుది, పని బురదది

జగ్గయ్యపేట సెంటర్లోనో నందిగామ బస్టాండులోనో కాసేపు నిలబడితే "వాడు పెద్ద తోపు రా" అన్న మాట చెవిన పడక మానదు. ఆ తోపు మామిడి తోపు కాదు, ఫిరంగి. తుర్కీలో పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చిన మాట. 'ఫిరంగి' కూడా అలాంటిదే. ఫరంగీ అంటే యూరపువాడు. వాడి పేరే వాడి ఆయుధానికీ అంటుకుంది.

ఈ మాటలకు ఈ మెట్ట ప్రాంతం కొత్త కాదు. గోల్కొండ రాజధానికి సముద్రం బందరులో ఉండేది. ఆ రెంటినీ కలిపే దారి ఇటుగానే సాగేది. 1667 ప్రాంతంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో తన మజిలీల్లో పెనుగంచిప్రోలును కూడా రాసుకున్నాడు. దండు కదిలితే తోపులూ కదలాలి. చినుకు పడ్డ రేగడిలో ఎడ్లబండి లాగడమే గగనం, ఇక తోపుబండి సంగతి చెప్పాలా!

గోల్కొండ బురుజు మీది 'అజ్దహా పైకర్'ని దగ్గరగా చూడండి. పేరుకు అర్థం మహాసర్పరూపం. ఒంటి మీద పారశీక అక్షరాలు, మొగలు పాదుషా ఔరంగజేబు పేరు, హిజ్రీ 1085 అంటే మన 1674, పోత పోసిన మహమ్మద్ అలీ అరబ్ పేరు. వెనకవైపు చిన్న బెజ్జం, నిప్పు అంటించేది అక్కడే. ఇలాంటి కంచు తోపుకు అచ్చు ఒక్కసారికే. పోత చల్లారాక పగలగొట్టాల్సిందే. అందుకే ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇనుము చవకే గానీ, పగిలితే ముక్కలై పేల్చేవాణ్ణే చంపేది. కంచు ముందు ఉబ్బి హెచ్చరించేది. పైగా చెక్కడానికి లొంగేది. రాజులు కంచుకే మొగ్గు చూపారంటే ఆశ్చర్యం లేదు. శత్రువు ముందు బెదరాలి, గుండు సంగతి తర్వాత.

మరి బెదిరారా? 1687లో మొగలులు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించారు. తోపులు మోగాయి. గోడ కింద పెట్టిన మందుపాతరలు ఎదురుతన్ని మొగలులనే చంపాయి. చివరికి సెప్టెంబరులో ఓ రాత్రి లంచం తిన్న లోపలివాడే తలుపు తీశాడు.

బందరు కథా అలాంటిదే. 1759లో అక్కడి కోటలో ఫ్రెంచివాళ్లున్నారు. బయట ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్. ఇతని తోపులు పగలు బురుజుల్లో కొట్టిన గండ్లను వాళ్లు రాత్రి పూడ్చేసేవారు. నిజాం సలాబత్ జంగ్ దండుతో బెజవాడ దాకా వచ్చేశాడు. ఫోర్డ్ దగ్గర మందు రెండు రోజులకే మిగిలింది. ఏప్రిల్ 7 రాత్రి తెగించాడు. ఎవరూ దాటలేరనుకున్న బురదనేల వైపు నుంచి కొందరు సిపాయిలు హడావుడి చేస్తే, అసలు దండు మరోవైపు గండి ఎక్కింది. తెల్లారేసరికి కోటా, అందులోని 120 తోపులూ ఇంగ్లీషువాళ్ల పాలయ్యాయి.

1766లో నిజాముతో కుదిరిన సంధితో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవయ్యాయి. రాజ్యం కంపెనీది అయ్యాక ఇక్కడ తోపుకు మిగిలింది ఎక్కువగా మర్యాద పని: ఎవరి హోదాకు ఎన్ని సలామీ తోపులన్న లెక్క. నిజాముకు ఇరవై ఒకటి.

గోల్కొండ తలుపు తీసింది లంచం, బందరులో ఏమరుపాటు తెచ్చింది బురద. పేరు మాత్రం తోపుకే దక్కింది. "తోపు రా" అని మెచ్చుకునే ముందు, ఆ తోపు ఎప్పుడైనా పేలిందా అని అడగడం మంచిది.