నిప్పురవ్వ అక్కరలేని ఇంజను: డీజిల్ మోటారు హోమ్ కదిలే ముందు

అమెరికా రహదారుల మీద కనిపించే పెద్ద డీజిల్ మోటారు హోమ్, అంటే బస్సు లేదా లారీ ఛాసిస్ మీద పడకలు, వంటగది, స్నానాలగదితో సహా కట్టిన సంచార గృహం, తాళంచెవి తిప్పిన మరుక్షణం కదిలే బండి కాదు. డాష్‌బోర్డు మీద ఒక దీపం ఆరేదాకా, ఇంజను అందుకున్నాక ఆయిల్ ప్రెషర్ ముల్లు పైకి లేచేదాకా, ఆపైన గాలి ట్యాంకులు నిండేదాకా నడిపేవారు ఓపిక పట్టాలి. ఈ నిరీక్షణను కొత్తవారు బండి మొరాయింపుగా పొరబడవచ్చు గాని, ఇందులోని ఒక్కొక్క మెట్టు వెనుక వేరువేరు కాలాల ఇంజనీర్లు ఎదుర్కొన్న చిక్కు, దానికి వారు కనిపెట్టిన ఉపాయం ఉన్నాయి.

మొదటి చిక్కు ఇంజను పుట్టుకతోనే వచ్చింది. పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ విద్యుత్తు రవ్వతో అంటిస్తుంది. పారిస్‌లో పుట్టిన జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటు కోరిన పద్ధతిలో ఆ రవ్వతో పని లేదు. నేటి డీజిల్ ఇంజనులో సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ దాదాపు పదహారో వంతుకు, కొన్నిటిలో ఇరవయ్యో వంతుకు కుదిస్తుంది. అలా కుదించిన గాలి, సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు వేడెక్కినట్టే, 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కగా, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన నమూనా ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా పనిగా మార్చి, నాటి ఆవిరి యంత్రాలను చాలా వెనక్కి నెట్టింది. అయితే ఇంధనాన్ని లోపలికి చిమ్మడానికి అధిక పీడన గాలిని అందించే బరువైన కంప్రెసరు కావలసి రావడంతో ఈ ఇంజను చాలాకాలం ఓడలకు, కర్మాగారాలకు పరిమితమైంది. 1927లో బాష్ సంస్థ ఇంజెక్షన్ పంపును పెద్దయెత్తున తయారు చేయడం మొదలుపెట్టాకనే అది రోడ్డు వాహనాలలో నిలదొక్కుకుంది.

డీజిల్ రోడ్డు మీద పనికొస్తుందన్న నమ్మకం అమెరికాలో కలిగించిన ఘనత ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణానికి చెందిన క్లెస్సీ కమిన్స్‌కు దక్కుతుంది. 1929 చివర ఆయన ఒక ప్యాకార్డ్ కారులో తన డీజిల్ ఇంజనును అమర్చి, 1930 జనవరిలో దాన్ని సుమారు 800 మైళ్ల దూరంలోని న్యూయార్క్ కార్ల ప్రదర్శనకు నడుపుకుంటూ వెళ్లాడు. దారి పొడుగునా ఇంధనానికి అయిన ఖర్చు 1.38 డాలర్లు.

ఇంత పొదుపు తెలిసినా, తొలితరం మోటారు హోమ్‌లు పెట్రోలుతోనే నడిచాయి. అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో సంస్థ 1966 నుంచి తయారు చేసినవీ, 1973లో జనరల్ మోటార్స్ విడుదల చేసినదీ ఆ కోవకే చెందుతాయి. 1973 చమురు సంక్షోభమే డీజిల్‌కు తలుపు తీసిందనుకోవడం తేలికే గాని, అంతకుముందే ఆ తలుపు తీసినవి కంపెనీలు వదిలించుకున్న పాత ప్రయాణికుల బస్సులని చెప్పడమే న్యాయం. 1953లో వచ్చిన జీఎం పీడీ-4104 వంటి బస్సులను చవకగా కొని, సీట్లు పీకి, లోపల ఇల్లు కట్టుకున్నవారే డీజిల్‌ను కాపురంలోకి తెచ్చారు. వాటిలోని డెట్రాయిట్ డీజిల్ 6-71 రెండు స్ట్రోకుల ఇంజను. అందులోని పిస్టన్ గాలిని తనంతట పీల్చుకోలేదు గనుక, ఇంజనుతోపాటు తిరిగే బ్లోయరు గాలిని సిలిండర్లలోకి నెడుతుంది. ఆ బ్లోయరు ముఖద్వారం దగ్గర ఉండే చిన్న మూత ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. రవ్వ అక్కరలేని ఇంజను విద్యుత్తు తీసేసినంత మాత్రాన ఆగదు, ఇంధనం ఆపాలి. ఇంజెక్టర్లను నియంత్రించే కడ్డీ పట్టేసినా, సీళ్లు పాడై కందెన నూనె గాలి దారిలోకి చొరబడినా, ఇంజను అదుపు తప్పి వేగం పెంచుకుంటూ పోయి చివరికి బద్దలవుతుంది. అటువంటప్పుడు ఊపిరి బిగించి దాన్ని చంపే ఆఖరి సాధనం ఆ మూత.

1980లలో కర్మాగారాలే వెనుక ఇంజను ఉన్న డీజిల్ బండ్లను కట్టడం మొదలుపెట్టాయి. వెనుకనుంచి తోస్తుంది గనుక వీటిని డీజిల్ పుషర్ అంటారు. క్లెస్సీ కమిన్స్ పేరిటి సంస్థ చేసిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల బి శ్రేణి ఇంజను వీటిలో విరివిగా కనిపిస్తుంది. తరువాతి చిక్కు చలి. అందులో సిలిండరు గోడలు వేడిని పీల్చేసుకుంటాయి, చిక్కబడిన ఆయిల్ స్టార్టర్ మోటారును మందగింపజేస్తుంది, ఆ మందకొడితనంలో కుదించిన గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది. కొన్ని ఇంజన్లు దీనికి విరుగుడుగా ప్రతి సిలిండరులోనూ గ్లో ప్లగ్ అనే ఎర్రబారే కడ్డీని పెట్టుకోగా, బి శ్రేణి ఇంజను లోపలికి వచ్చే గాలినే ఒక విద్యుత్ జాలితో వేడిచేస్తుంది. డాష్‌బోర్డు మీద ఆగమని చెప్పే దీపం ఆ జాలి పని ముగిసేదాకా వెలుగుతుంది. ఈ ఏర్పాట్లున్న ఇంజనులో స్టార్ట్ కావడానికి ఈథర్ కొట్టడం ప్రమాదకరం, ఎందుకంటే ఆ ఆవిరి కాలుతున్న జాలి దగ్గరే పేలవచ్చు. శీతల ప్రాంతాలవారు అంతకంటే మేలైన మార్గంగా రాత్రంతా బ్లాక్ హీటరును కరెంటుకు తగిలించి శీతలీకరణ నీటిని వెచ్చగా ఉంచుతారు. ఇంటి దీపాలకు, ఇంజనుకు వేరువేరు బ్యాటరీలు ఉండటం, ఇంజను బ్యాటరీ నీరసించిన పొద్దున ఒక మీట నొక్కి ఇంటి బ్యాటరీ సాయం తీసుకునే వీలుండటం మోటారు హోమ్‌లలోని మరో సౌకర్యం.

ఇంజను అందుకున్నా బండి కదలకపోవడానికి కారణం రైళ్ల చరిత్రలో ఉంది. గాలి పీడనం పోతే బ్రేకు వదులు కాకూడదు, పట్టాలి అన్న సూత్రాన్ని జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో రైలు బ్రేకులకు తెచ్చాడు. అదే సూత్రం మీద పెద్ద పుషర్లలో పార్కింగ్ బ్రేకును ఒక బలమైన స్ప్రింగు పట్టి ఉంచుతుంది, దాన్ని వదిలించేది గాలి. కంప్రెసరు ట్యాంకులను చదరపు అంగుళానికి సుమారు 120 పౌండ్ల పీడనానికి నింపుతుంది, అది 60 దరిదాపులకు పడితే హెచ్చరిక మోగుతుంది. పసుపు గుండీని నొక్కి బ్రేకు వదిలే ముందు, నిలిపినప్పుడు బండిని సమంగా నిలబెట్టిన జాకీలు పైకి ముడుచుకున్నాయో లేదో చూసుకోవడం కూడా ఈ వరుసలోనిదే.

ఆపడంలోనూ ఒక క్రమం ఉంది. పొగ గొట్టంలోకి పోయే వాయువుల తోపుడుతో గిరగిర తిరుగుతూ ఇంజనుకు అదనపు గాలి అందించే టర్బోచార్జరు పలుచని నూనె పొర మీదే తిరుగుతుంది గనుక, కొండ ఎక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపితే నూనె ప్రవాహం నిలిచిపోయి, ఉన్న నూనె మాడి బేరింగుల దగ్గర బొగ్గుగా గడ్డకడుతుంది. అందుకే కొన్ని నిమిషాలు ఇంజనును ఖాళీగా తిరగనిచ్చి ఆపుతారు. 2007లో కఠినమైన కాలుష్య ప్రమాణాలు మసిని పట్టే ఫిల్టరును తప్పనిసరి చేయగా, 2010 ప్రమాణాల తరువాత చాలా ఇంజన్లకు యూరియా ద్రవం నింపే మరో ట్యాంకు చేరింది. ఆ ద్రవం అయిపోవస్తే ఇంజను మొదట దీపంతో హెచ్చరించి, పట్టించుకోకపోతే తన శక్తిని తానే తగ్గించుకుంటుంది.